వెనక అట్ట నుంచి

ముందు నుంచి తెరిస్తే టమాటాల పద్దు.
వెనక నుంచి తిరగేస్తే ఫ్రెంచి.
పుస్తకం ఒక్కటే, టెచిమాన్ బజార్లో కొన్నది,
నూట తొంభై రెండు పేజీలు.

మొదటి నెల పద్దు ఇలా ఉంది:
లోడైనవి, పన్నెండు మాటలు.
దారిలో చితికినవి, అయిదు.
కొంగుసీ దాకా నిలిచినవి ఏడు,
వాటిలో రెండు తిట్లు,
లారీ క్లీనరు ఊరికే ఇచ్చినవి.

పాగా చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగితే
ఆగినంతసేపూ అంకెలు వల్లించేదాన్ని.
అరవై తొమ్మిది దాకా దారి తిన్నగానే ఉంటుంది.
ఆ పైన వంతెన కూలినట్టు
డెబ్భైని అరవై-పది అంటారు.
ఎనభై అంటే నాలుగు ఇరవైలు.
తొంభై అంటే నాలుగు ఇరవైల పది!
ఇన్ని దేశాలు ఏలినవాళ్లకి
తొంభైకి ఒక్క మాట దొరకలేదా అంటే
క్లీనరు పడీ పడీ నవ్వాడు.
ఆ వారం జమ సున్నా.
ఖర్చు, తలనొప్పి మాత్రలు.

మరో గోల, టమాటా ఆడది, ఉల్లిపాయ మగవాడు.
మా ట్వీలో మనుషులకే ఆ తేడా లేదు,
అతనన్నా ఆమె అన్నా ఒకటే మాట.
ఇక్కడేమో కూరగాయలకి సంబంధాలు చూస్తున్నట్టు
ఒక్కోదాన్నీ అడిగి రాసుకోవాలి.
లారీ మగవాడు. రోడ్డు ఆడది.
లాభం మగవాడట, అప్పు ఆడదట.
అది ఎర్ర సిరాతో రాశాను,
పేరు పెట్టినవాడు ఎదురైతే మాట్లాడాలని.

రస్మానే నా దుబాసీ.
కుమాసిలో పదకొండేళ్లు రాత్రి కాపలా కాసి
మా భాష మూటగట్టుకుని ఊరు చేరినవాడు.
రైతు నోటికీ నా చెవికీ మధ్య
గొడుగు పట్టుకుని నిలబడేవాడు.

ఫిబ్రవరి. హార్మటాన్ దుమ్ముకి పెదవులు పగిలి ఉన్నాయి.
రావొగో చేను గట్టున
పెట్టె మీద చెయ్యేసి ధర చెప్పాడు.
అరవై-పది వేలు.
నేను వెతకలేదు, కూడలేదు, వేళ్లు మడవలేదు.
దాహం వేస్తే తెలిసినట్టు తెలిసింది.
రస్మానే నావైపు తిరిగి, తీరిగ్గా,
మా భాషలో, ఎనభై అన్నాడు.

గాడిద ఒకటి. మోటారు పంపు చప్పుడు.

చదివిందంతా ఈ ఒక్క క్షణానికే కదా,
నోరు తెరవాల్సింది.
కానీ కిందటేడు జ్వరంతో పడిపోతే
ఇదే రస్మానే ఇంట్లో అతని భార్య
మూడు రాత్రులు నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.
ఆమె పేరు తెలీదు.
అడుగుదామంటే అప్పటికి నా దగ్గర మాట లేదు.

ఎనభై ఇచ్చాను. తొమ్మిది పెట్టెలు.
పోయింది సరిగ్గా
నాలుగు ఇరవైల పది వేలు.
ముందువైపు నష్టం అని రాయడానికి చెయ్యి రాలేదు.
వెనకవైపు రాశాను:
అర్థమైనది, ఒక ధర.
అన్నది, ఏమీ లేదు.

తర్వాతి ట్రిప్పులో పొలానికి ముందు
అతని ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను.
దారంతా నూరిన వాక్యం, ఒక్క పొల్లు పోకుండా,
మీ పేరేమిటండీ అని అడిగాను ఆమెని.
ఆమె నా మొహం చూసింది. నవ్వింది.
ఆమెకి ఫ్రెంచి రాదు.
మూరె ఒక్కటే.

లోపలికి వెళ్లి సొరబుర్ర నిండా నీళ్లు తెచ్చి
కోమ్, అంది, నీళ్లు చూపించి.
తన గుండె మీద చెయ్యి పెట్టుకుని
పోకో, అంది.
వెనక్కి తిరిగితే గుమ్మంలో రస్మానే,
చేతిలో మడిచిన గొడుగు,
నా ఫ్రెంచి మొత్తం విని.

ఆ రోజు చేను గట్టున
రావొగో ధర చెప్పాక అతను కాసేపు ఆగాడు.
చెప్పుతో మట్టి గీకి
అరవై అయిదు, అన్నాడు.
అరవై అయిదే.
కూలి ఎంతని అడగలేదు, ఎప్పుడూ ఇచ్చేదానికి
వెయ్యి కలిపి ఇచ్చాను, అతనూ లెక్కపెట్టలేదు.

రెండు పద్దుల మధ్య ఇంకా
ముప్ఫై ఒక్క ఖాళీ పేజీలు.
లారీ కుదుపుకి అక్షరం వంకర పోతున్నా
మధ్యలో ఒక పేజీ తెరిచి
పైన మూరె అని రాశాను.
కోమ్, నీళ్లు.
ఆడదో మగదో అడగడం మర్చిపోయాను.